పేరెట్టి పిలిసిన జోగమ్మ

కూకో తల్లీ, కూకో. ఎండన పడి వొచ్చినావు, మొకం సూడు ఎలగ వాడిపోనాదో. ఇదిగో, ఈ బొండాం తాగు. మా బోరు నీళ్ళు నీకెందుకులే, మేం తాగి కిడ్నీల రోగాలు పడుతున్నది సాలు. జోగమ్మ కోసవే కదా? నువ్వు సెప్పక్కర్లేదు. బస్సు దిగి, సెప్పులొక సేత, గుడ్డసంచీ ఒక సేత పట్టుకుని, ఈ ఇసక తోవంట పడుతూ లేస్తూ వొచ్చే ఆడది ఎవులైనా 'ఎంబసీ జోగమ్మ ఇల్లెక్కడ' అనే అడుగుతాది.

జోగమ్మ కాశీబుగ్గ ఎల్లినాది. సాయంత్రం బస్సుకి గాని రాదు. అందాకా నాతో మాట్టాడు. నాను రత్నాలమ్మని, పక్క గుమ్మం. జోగమ్మా నానూ కలిసే ఎండుసేపల యాపారం సేసినాం, కలిసే ముసిలోల్లం అవుతున్నాం. నన్ను నోరు పెద్దదంటారు ఊర్లో. అననీ. జోగమ్మ నోరు ఇన్నోల్లెవులూ ఆ మాట అనరు.

ఏ ఊరు మీది? జలంత్రకోటా! జీడితోటలోల్లన్నమాట. పేరేటి? కుమారి. బాగుంది. మీ ఆయన మస్కట్ ఎల్లినాడు, కంపెనీవోడు పాస్‌పోర్టు లాగీసుకుని అట్టేపెట్టినాడు, జీతం నేదు, ఇప్పుడు ఫోనూ నేదు. అంతేనా? అబ్బబ్బ, ఏడవకు. జోగమ్మకి ఏడుపంటే పడదు. 'ఏడిసిన కాడికి సాలు, ఇంక పన్జూద్దాం' అంటాది. ఎంబసీ అంటే ఏటో తెలుసా నీకు? ఆఫీసా? నీ మొకం, ఆఫీసట! ఎంబసీ అంటే ఏటో, అది మా జోగమ్మకి ఎలగ తెలిసిందో సెప్తాను, ఇను.

జోగమ్మ ఈ ఊరికి కోడలై వొచ్చిన నాడు మాకెవులికీ దాని మొకం గుర్తునేదు, గొంతే గుర్తు. పల్లకీలోంచి దిగుతూ 'తమ్ముడూ, నా పెట్టి జాగర్త!' అన్నాది సూడు, గట్టున కూకున్న కాకులన్నీ లేచిపోనాయి. మా అత్త ఆ రోజే అన్నాది, 'ఈ పిల్ల సేపలమ్మితే కాశీబుగ్గలో ఇంకెవులికీ బేరం ఉండదే' అని. అలగే అయింది. నెత్తిన బుట్ట, కొంగు నడుంకి బిగించి, ఈది మొదట్లో నిలబడి 'నెత్తళ్ళోయ్!' అన్నాదంటే ఈది సివర ఇంట్లో గిన్నె పట్టుకుని బయటికొచ్చీసేవోరు.

అంత నోట్లోంచి ఒక్క మాట మటుకు ఎప్పుడూ రానేదు. మొగుడి పేరు. నీకు తెలీనిదేటుందిలే, మీ జీడితోటల్లోనూ అంతే కదా. మొగుడి పేరు పలికితే మొగుడి ఆయుస్సు తగ్గుతాదంటారు. మా సముద్రం మీద ఆల్లకి ఆ బయం ఇంకా ఎక్కువ. అసలే గంగమ్మ ఒళ్ళో బతుకు, ఉన్న ఆయుస్సు మనవే కోసీడం దేనికి?

జోగమ్మ ఇంట్లో అది ఇంకో మెలిక. ఆ మెలిక బాగా గుర్తెట్టుకో, కథంతా దాన్లోనే ఉన్నాది. జోగమ్మ అత్త పెద్దతల్లి. పెద్దతల్లి కొడుక్కి తాత పేరెట్టినారు. తాతంటే పెద్దతల్లికి మావ. మావ పేరు కోడలు అనకూడదు కదా? మరి కన్నకొడుకుని ఎలగ పిలుత్తాది? 'బుల్లోడా' అన్నాది. తల్లి బుల్లోడంటే ఊరంతా బుల్లోడే. పెల్లాం కూడా బుల్లోడనలేదు కాబట్టి 'మా ఇంటాయన', 'కామేశు నాన్న', 'ఇదిగో'. నిజం సెప్తాను తల్లీ, గోడ పక్కన కాపరం సేసిన నాకే ఆడి అసలు పేరేటో చానాకాలం తెలీదు. తెలవాల్సిన పనేటి? బుల్లోడు బుల్లోడే.

సూపర్ తుపానుకి ముందేడు బుల్లోడు పారాదీప్ ఎల్లినాడు. ఇక్కడ తెప్పల మీద ఏటా సేప దొరకడం తగ్గిపోతావుంది, అక్కడ పెద్ద మోటారు బోట్లు. ఒడియావోల్ల బోటెక్కినాడు. మాట కూడా వొచ్చు కదా, ఇచ్ఛాపురం దాటితే మనోల్లందరూ రెండు బాసల మనుసులే. ఆ బోటు ఎల్లినాది, ఎల్లినాది, మరి రానేదు. ఇంజిను పోయిందన్నారొకలు. మునిగిపోయిందన్నారొకలు. పారాదీప్ నుంచి మాట నేదు, మనిసి నేదు.

అప్పుడు సూడాలి మా ఊర్లో పెద్దల్ని! పొయ్యిలో పిల్లి లేవనేదు గాని ఆల్లు మటుకు జోగమ్మ గుమ్మంలోకి దిగబడినారు. మాట సుట్టూ తిప్పి, దగ్గి, 'గాజుల సంగతి' అన్నాడొక పెద్దమనిసి. గాజులు పగలగొట్టించే సంగతి అన్నమాట. జోగమ్మ సేతిలో సేపల కత్తి ఉన్నాది. 'ఏ గాజులయ్యా? ఈటి మీద సెయ్యెయ్యి, నీ ఇంట్లో ఎవులి గాజులు పగులుతాయో సూద్దాం' అన్నాది. మరి ఆ మాట ఎత్తినోడు నేడు. ఎత్తనేదు గాని, అది బుట్టెత్తుకుని నా పక్కన నడుస్తుంటే నాకు తెలిసేది. సేపలకి అరిసే గొంతు రోజురోజుకీ సన్నబడిపోనాది.

ఇంతలో ఒకరోజు, మేం వల మీద నెత్తళ్ళు ఎండబెడుతున్నాం, గోపాలపూర్ మనిసొకడు వొచ్చినాడు. గెడ్డం పెంచి, గళ్ళ లుంగీ కట్టి ఉన్నాడు. సగం ఒడియా సగం తెలుగు. 'బుల్లోడి ఇల్లేదమ్మా' అన్నాడు. అదే బోట్లో ఎల్లినోడు!

బతికే ఉన్నారు తల్లీ. ఇంజిను పోయి, నీటి పోటుకి బోటు బంగ్లాదేశం వైపు కొట్టుకుపోనాది. హద్దు దాటి వొచ్చినారని ఆల్లు పట్టుకుని జైల్లో పెట్టినారు. ఇనగానే మేవందరం గంగమ్మకి దండాలు పెట్టీసినాం. జోగమ్మ మటుకు ఆ మనిసి మొకవే సూస్తోంది. 'నువ్వొచ్చినావు. మరి మా ఇంటాయనేడి?' అన్నాది.

ఆ మనిసి తల గోక్కున్నాడు. ఢాకా అనే ఊర్లో, బంగ్లాదేశం రాజధానంట, అక్కడ మన జెండా ఎగిరే ఇల్లొకటి ఉన్నాదంట. అక్కడినుంచి మన అయ్య ఒకడు జైలుకొచ్చి ఈల్లందర్నీ పలకరించినాడంట. సబ్బులిచ్చి, ఇదిగో ఈ లుంగీ ఇచ్చి, ఒక్కొక్కల్ని 'నీ పేరేటి, నీ ఊరేటి' అని అడిగి రాసుకుపోనాడంట. అది మన దేశానికొచ్చి, ఎవుడి ఊరికి ఆడి కాగితం ఎల్లి, 'ఔను, ఈడు మావోడే' అని పోలీసులు రాస్తే అప్పుడు ఆల్లు వొదిలీడం.

'మా అందరి కాగితాలూ వొచ్చీసినాయమ్మా. మీవోడిదే...' అని ఆగిపోనాడు.

'మావోడిదేటి?'

'మీవోడిది కూడా వొచ్చింది. ఆ పేరుగలోడు సచ్చిపోయి శానా ఏల్లయిందని రాసొచ్చింది. ఇప్పుడాల్లు, మరి నువ్వెవుడివిరా, సచ్చినోడి పేరెట్టుకుని వొచ్చినావు అని మీవోన్ని కూకోబెట్టినారు.'

ఎనకనుంచి దబ్బుమని సప్పుడైంది. పెద్దతల్లి. ఉన్నదున్నట్టు ఇసకలో కూలబడిపోనాది.

సంగతేటంటే, కొన్నాళ్ళ కిందట ఒక కానిస్టేబులు మద్దినేల వొచ్చినాడు. మొగోల్లు సేపల ఏటమీద, ఆడోల్లం సేపలమ్మడానికి పోయి ఉన్నాం. ఇంట్లో పెద్దతల్లొక్కతే. ఆ మనిసి కాగితం సూసి, 'బర్రి పైడయ్య ఈ ఇంటివోడేనా? ఎక్కడున్నాడు?' అన్నాడు. ఖాకీ సూసిన గాబరాలో పెద్దతల్లికి పైడయ్యంటే మావే గుర్తొచ్చినాడు. మరి ఆ పేరుతో ఇంట్లో ఎవుల్ని పిలిసినారని? పెల్లయి వొచ్చిననాటినుంచి ఆవిడ సెవిలో పైడయ్యంటే ఒక్కడే, మావ. ఎప్పుడో ఆ ముసిలాయన పేరున ఇంటిజాగా గొడవొకటి ఉండేది. అదే తవ్వుకుని వొచ్చినారనుకున్నాది. తలమీదికి కొంగు లాక్కుని, 'ఆయన పోయి శానా ఏల్లయింది బాబూ, ఆ గొడవలు మాకు తెలవ్వు' అన్నాది. ఆ కానిస్టేబులు ఎందుకడుగుతున్నాడో సెప్పనేదు, ఈవిడ అడగనేదు. రాసుకుని సైకిలెక్కీసినాడు.

అదీ జరిగింది! కన్నతల్లి తన నోటితోటే కొడుకుని సంపీసి కాగితం మీద రాయించీసినాది. ప్రపంచంలో ఇంకే తల్లికైనా ఇలాటి తప్పు సెయ్యడం వొచ్చునా? నాకైతే నవ్వాలో ఏడవాలో తెలవనేదు.

పెద్దతల్లి నెత్తి బాదుకుంటోంది. జోగమ్మ తిడతాదనుకున్నాం. అది ఒంగి అత్త రెక్క పట్టుకుని లేవదీసినాది. 'లే అత్తా. సంపినోల్లం మనవే, బతికించుకునేదీ మనవే' అన్నాది. అన్నాక గోపాలపూర్ మనిసి వైపు తిరిగి, 'ఆ జెండా ఇల్లు గురించి ఇంకోసారి సెప్పు' అన్నాది.

ఆడు సెప్పినాడు. దేశం దేశంలోనూ మనకి అలాటి ఇల్లొకటి ఉంటాదంట. బయటంతా ఆల్ల దేశవే, ఆల్ల పోలీసులే, ఆల్ల మాటే. ఆ గేటు లోపలికెల్తే మటుకు మనోల్లు. మన మనిసి ఏ కష్టంలో ఉన్నా 'ఈడు మావోడు' అని ఎల్లి అడిగే అక్కు ఆల్లకుంటాదంట.

జోగమ్మ అంతా ఇని, 'అంటే పుట్టిల్లన్నమాట' అన్నాది.

ఎంత మాట అన్నాదో సూడు! అత్తారింట్లో నిన్ను కొడుతుంటే పక్కింటోల్లొచ్చి అడ్డుపడతారా? పడరు. పుట్టింటోల్లొచ్చి గుమ్మంలో నిలబడితే? అప్పుడు అత్త గొంతు తగ్గుతాది. పుట్టింటోల్లు యుద్దాలు సెయ్యక్కర్లేదు. 'మా పిల్ల ఏదీ, సూపించండి' అని అడిగితే సాలు. ఎంబసీ అంటే అదీ తల్లీ. ఆఫీసంట!

మర్నాడే పోలీసుటేసనుకెల్లినాం. అక్కడున్నాయన మంచోడే. 'రిపోర్టు పైకెళ్ళిపోయిందమ్మా. పైనుంచి మళ్ళీ అడిగితే మళ్ళీ రాస్తాం, మాకై మేం మార్చకూడదు' అన్నాడు. పైనంటే ఎక్కడ? పైపైకి ఎల్తే ఆ ఢాకాలో అయ్యే. 'అయితే ఆ అయ్యతోటే మాట్టాడతాను' అన్నాది జోగమ్మ, సోంపేట ఎల్లొస్తానన్నట్టు.

కాశీబుగ్గలో ఫణిశంకర్‌గారి ఎస్టీడీ బూతు ఉండేది. ఇప్పుడందరి సేతుల్లోనూ సెల్లులొచ్చినాయి గాని అప్పుడు అద్దాల గది, పసుపు అచ్చరాలు, బయట బెంచీ. బ్రామ్మలు ఆయన. పాపం మంచివోడే గాని మా బుట్టలు సూత్తే మటుకు ముక్కు ముడుసుకుపోయేది. 'అక్కడ పెట్టి రండమ్మా, అక్కడ పెట్టి రండి' అని రోడ్డవతలకి సెయ్యి సూపించేవోడు. ఆ రోజు జోగమ్మ బుట్టతోటే లోపలికి దూరిపోనాది. ఆయన ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకున్నా ఆగకుండా సంగతంతా సెప్పీసినాది. ఆయన ముక్కుమీద గుడ్డ తీసి కళ్ళకి ఒత్తుకున్నాడు. 'సుధా!' అని కేకేసినాడు.

ఆయన భార్య నాగసుధమ్మ హిందీ టీచరు. మాకు దేవుడిచ్చిన మనిసి. ఆవిడ ఢిల్లీకి చేసి, అక్కడొక నెంబరు పట్టి, అక్కడినుంచి ఇంకోటి పట్టి, దొరక్క దొరక్క ఢాకా దొరికింది. మాట్టాడి పెట్టీసి, 'హైకమిషన్ అంటారట అక్కడ' అన్నాది. కొన్ని దేశాల్లో ఎంబసీ అనరంట, అలాగంటారంట. పేరేదైతేనేం, లోపలున్నది మనోల్లే.

'ఆ కాన్సులర్ ఆఫీసరుకి మీ ఆయన గుర్తున్నాడు జోగమ్మా' అన్నాది టీచరుగారు. 'గురువారం జైలుకి వెళ్తున్నారట. జైలు ఆఫీసులో ఫోను దగ్గరికి అతన్ని రప్పిస్తారట. అప్పుడు నువ్వు మాట్లాడాలి. నీ మాట మీద ఆయనకి నమ్మకం కుదిరితే మళ్ళీ ఎంక్వయిరీ వేయిస్తానన్నారు.'

గురువారం పొద్దున్న ఊర్లో సగం ఆడోల్లం బస్సెక్కినాం. అద్దాల గదిలో జోగమ్మ, టీచరుగారు. తలుపు మూసుకోకుండా నా కాలు అడ్డం. మెట్టు మీద పెద్దతల్లి. బయట బెంచీ మీద, రోడ్డు మీద మిగతా మంద. ఫణిశంకర్‌గారు 'తోసుకోకండమ్మా' అని అరుస్తున్నారు గాని ఆయనే అందరికన్నా ముందు నిలబడినారు.

గంట మోగింది. టీచరుగారు హిందీలో గడగడ మాట్టాడి, ఫోను జోగమ్మ సేతికిచ్చినాది. 'ముందు నువ్వు అతని పేరు చెప్పాలి. నేను చెప్తే కుదరదట, నీ నోటితోనే రావాలి. అతను పక్కనే ఉన్నాడట, ఫోను ఇద్దరికీ వినపడేలా పట్టుకున్నారట. నీ గొంతు అతను గుర్తుపడతాడో లేదో ఆఫీసరు చూస్తారట.'

జోగమ్మ ఫోను రెండు సేతులా పట్టుకున్నాది. 'దండాలు బాబూ. మా కామేశు ఆల్ల నాన్న బాబూ' అన్నాది.

'పేరు జోగమ్మా' అన్నాది టీచరుగారు.

'అదే అమ్మా. మా ఇంటాయన.'

'పేరు!'

'మా అత్త కొడుకు బాబూ...'

నాకు ఒల్లు మండిపోనాది. 'ఒసే జోగీ, పేరు సెప్పవే! దేశాలు దాటి ఫోనొచ్చింది, ఇప్పుడు సిగ్గేటే నీకు!' అన్నాను. జోగమ్మ నా వైపు తిరిగినాది. సిగ్గు కాదు తల్లీ అది. బయం. దాని మొకం అంత తెల్లగా నానెప్పుడూ సూడనేదు. 'ఆ పేరు నా నోటంట వొస్తే ఆయుస్సు తగ్గుతాది ఒదినా. అసలే జైల్లో పడున్నాడు. ఇక్కడ ఆల్లమ్మ సంపినాది, ఇప్పుడు నాను కూడానా?' అన్నాది.

నానూ నా మొగుడి పేరు అన్లేదు ఏనాడూ.

టీచరుగారు ఫోనుకి సెవి ఒగ్గినాది, ఆవిడ గొంతు మారిపోనాది. 'త్వరగా అమ్మా. జైలువాళ్ళు చాలు పెట్టేయమంటున్నారట. ఆయన మళ్ళీ ఎప్పుడొస్తారో తెలీదు.'

జోగమ్మ అద్దంలోంచి మెట్టు మీదున్న అత్తని సూసింది. మరి నన్ను సూసింది. 'తగ్గితే తగ్గనీ. ఇంటికొచ్చి తగ్గనీ' అన్నాది.

అనీసి కొంగు నడుంకి బిగించినాది. ఈది మొదట నిలబడి సేపలకి కేకేసే ముందు ఎలగ ఊపిరి లాగుతాదో అలగ లాగినాది.

'ఒరే పైడయ్యా! బర్రి పైడయ్యా! బతికున్నావా సచ్చినావా? నోరిప్పరా పైడయ్యా!'

అద్దాలు గణగణమన్నాయి. రిక్షావోడు బ్రేకేసినాడు. ఎదర జీడిపప్పు కొట్టోడు తక్కెడ వొదిలీసి బయటికొచ్చినాడు. మెట్టు మీద పెద్దతల్లి సటుక్కున లేసి నిలబడి తలనిండా కొంగు కప్పీసుకున్నాది. మావ పేరు కదా! పాపం ముసిల్దానికి అలవాటు. కప్పుకున్నాక, కొంగు కిందనుంచే గొల్లుమన్నాది. 'నా కొడుకే! అది నా కొడుకు పేరే!' అని.

టీచరుగారు మళ్ళీ ఫోనుకి సెవి ఆనించినాది. అప్పుడు, ఎక్కడో నూతిలోంచి వొచ్చినట్టు, బుల్లోడి గొంతు.

'ఏటే... పేరెట్టి పిలిసీసినావా?'

జోగమ్మ ఫోను సెవికి గట్టిగా అదుముకున్నాది.

'ఎవులైనా ఇన్నారేటే?' అన్నాడు.

'కాశీబుగ్గంతా ఇన్నాది!' అని అరిసినాది జోగమ్మ. అరిసి ఏడిసినాది. ఏడుస్తూనే తిట్టింది. తిడుతూనే మళ్ళీ పేరెట్టింది. ఒకసారి గట్టు తెగినాక ఆగుతాదేటి? పైడయ్యా, ఒరే పైడయ్యా, నా పైడయ్యా అని ఇన్నేల్ల బాకీ అంతా ఒక్క ఫోన్లో తీర్సీసినాది.

ఆనక ఆఫీసరు టీచరుగారితో మాట్టాడినాడు. ఆవిడ నవ్వుతూ, కళ్ళు తుడుసుకుంటూ మాకు సెప్పినాది. 'పేరు వినగానే ఇతను తువాలు తీసి మొహం కప్పేసుకున్నాడట. కొత్త పెళ్ళికూతురిలా గోడవైపు తిరిగిపోయాడట. జైలు వాళ్ళందరూ నవ్వుతున్నారట. ఆఫీసరుగారేమో, మా అమ్మ కూడా ఇంతవరకూ మా నాన్న పేరు అనలేదమ్మా, తన పేరు భార్య నోట మొదటిసారి వింటున్నవాడే ఇలా సిగ్గుపడతాడు, నాకింక అనుమానం లేదు అన్నారు. కాగితం మళ్ళీ పంపిస్తారట. ఈసారి సరిగ్గా చెప్పమన్నారు.'

సెప్పకేం! ఆ కానిస్టేబులే మళ్ళీ వొచ్చినాడు. సైకిలు స్టాండు వెయ్యనేదు, కాగితం తియ్యనేదు. ఈది పిల్లలందరూ సుట్టూ మూగి 'పైడయ్య బతికే ఉన్నాడు! పైడయ్య బతికే ఉన్నాడు!' అని గెంతులు. పెద్దతల్లి ఎల్లి ఆడి సొక్కా పట్టుకున్నాది. తలమీద కొంగు నేదు. 'రాసుకో బాబూ. పైడయ్య నా కొడుకు. కడుపున మోసినాను. ఆ పోయినాయన వేరు' అన్నాది. ఆ మనిసి 'వదలమ్మా తల్లీ, రాస్తాను' అని బతిమాలుకున్నాడు.

బుల్లోడు వొచ్చిన రోజు పలాస టేసన్లో సూడాలి! మా ఊరోల్లు డప్పులు కట్టుకొచ్చినారు. ఫణిశంకర్‌గారు పూలదండ తెచ్చినారు. రైలు ఆగింది. సన్నగా ఊచలాగ అయిపోయి, హైకమిషనోల్లిచ్చిన లుంగీ కట్టుకుని దిగినాడు. పెద్దతల్లి ఆడి మీద పడి ఏడుస్తోంది. కామేశు కాళ్ళు సుట్టీసినాడు. జనం అంతా జోగమ్మ వైపే సూపు. ఇప్పుడు పేరెట్టి పిలుత్తాదా పిలవదా అని! జోగమ్మ ముందుకొచ్చి, 'ఏటయ్యా, ఏటైనా తిన్నావా?' అన్నాది.

'అదేటి, పేరెట్టి పిలవ్వేటి?' అన్నాడు బుల్లోడు, కొంటెగా.

'అవసరవొచ్చినప్పుడు పిలుత్తాను. సంచీ ఇటివ్వు' అన్నాది.

టేసనంతా ఒకటే నవ్వు. డప్పులు మళ్ళీ మొదలెట్టినారు.

ఆయుస్సు తగ్గుతాదన్నారు కదా? అదిగో, ఆ నీడన వల బాగుసేత్తున్న బొజ్జాయన్ని సూడు. ఆడే. తగ్గిందేటి? ఏడాదికో రెండు అంగుళాలు పెరుగుతున్నాడు.

అప్పటినుంచి ఎవులికి ఏ దేశంలో కష్టవొచ్చినా జోగమ్మ దగ్గరికే. ఉద్దానంలో కుర్రోల్లందరూ వెల్డింగనీ ఫిట్టరనీ గల్ఫు బాట పట్టినారు కదా. పంపిన ఏజెంటు ఫోనెత్తడు, కంపెనీవోడు కాగితాలివ్వడు. అప్పుడు జోగమ్మ ఆల్ల ఆడోల్లని ఎంటబెట్టుకుని నాగసుధమ్మ దగ్గరికి తీసుకెల్తాది. కువైట్లో ఎంబసీ. దుబాయిలో కాన్సులేటు. మలేసియాలో మళ్ళీ హైకమిషన్. 'ఎంబసీ అంటే పుట్టిల్లు, రాజధానిలో ఉంటాది. కాన్సులేటంటే పిన్నమ్మ ఇల్లు, రేవూర్లలో ఉంటాది. ఏది దగ్గరైతే దాని తలుపు కొట్టాలి' అంటాది. సదువు నేదు దానికి. అచ్చరమ్ముక్క రాదు. టీచరుగారు లేకపోతే ఒక్క మాట అవతలికి ఎల్లదు, అది జోగమ్మే సెప్తాది. కాని నాలుగుసార్లు ఎత్తకపోతే అయిదోసారి చేసే మొండితనం మటుకు దానిదే. చేసింది చేసినట్టే ఉంటాది, ఎత్తేవరకూ.

అబద్దం సెప్పను, అన్నీ గెలవనేదు. ఒకసారి మనిసి రానేదు, పెట్టె వొచ్చింది. ఆ పెట్టెనైనా మనోల్లే దగ్గరుండి పంపినారు, తల్లికి కడసారి మొకం సూపించినారు. ఆ రోజు జోగమ్మ అన్నం తిననేదు. కాని తిరిగొచ్చినోల్లని సూడు! ఈ ఈదిలోనే ముగ్గురున్నారు. గంగమ్మ పండక్కి జోగమ్మకి సీర పెట్టడానికి పోట్లాడుకుంటారు.

అదిగో, బస్సు హారను. వొచ్చీసింది. ఇంక లెగు, మొకం తుడుసుకో. జోగమ్మ వొచ్చి బుట్ట దించగానే నిన్ను అడిగేది ఒక్కటే. మీ ఆయన ఏ కంపెనీ, ఏ ఊరు, ఆటి సంగతి తరవాత. ముందు అడిగేది పేరు.

నీ మొగుడి పేరేటి?

ఇదిగో, సంచీలోంచి కాగితం తియ్యకు. కాగితాల మీద పేర్లు మా పెద్దతల్లి దగ్గర సూసినాం, సాలు. నోటితో సెప్పు.

'మా ఆయన' కాదు. మీ ఊర్నిండా ఆయనలే.

'పిల్లల నాన్న' కాదు.

తల దించకు తల్లీ. నాకు తెలుసు. నానూ ఆ గుమ్మంలో కాలు అడ్డం పెట్టుకుని నిలబడినదాన్నే. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, తలుపేసుకుని, నా మొగుడి పేరు ఒకసారి అనుకున్నాను. ఏటీ అవనేదు. ఆడు సుట్ట కాల్సుకుంటూనే ఉన్నాడు.

ఊఁ, సెప్పు.

ఏటీ? నీ నోట్లోనే ఉండిపోనాది. సముద్రం హోరుంది కదా, గట్టిగా.

శివాజీయా? శివాజీ! అబ్బ, ఎంత మంచి పేరెట్టుకున్నాడు, ఇన్నాళ్ళూ దాసీసినావు. మళ్ళీ అను. ఇంకా గట్టిగా. కొంగు నడుంకి బిగించు, అలగ. ఊపిరి లాగు. ఆ దిబ్బ మలుపులో బుట్టెత్తుకొస్తోంది సూడు, అదే జోగమ్మ. దానికి ఇనపడాలి.

అద్దీ!

సూడు, ఆగిపోనాది. ఇన్నాది. నవ్వుతూ సెయ్యూపుతోంది. ఎల్లు తల్లీ, ఎదురెల్లి బుట్ట అందుకో. దానికి ఇనపడిందంటే మస్కట్‌కీ ఇనపడతాది.